డిలీట్ కూడా సింక్ అవుతుంది

కొత్త ఫోన్ కొన్నవారికి షాపులోనే ఖాతా తెరిచి, పాత నంబర్లూ ఫోటోలూ ఎక్కించి, అంతా క్లౌడ్‌లో ఉంది, మీకేం భయం లేదని చెప్పి పంపడం ఊరూరా జరిగేదే. ఆ మాటలో సగమే నిజం. క్లౌడ్‌లో ఉండేది చాలావరకు సింక్ అయిన కాపీ. ఫోన్‌లో ఏం మార్పు చేస్తే అక్కడా అదే మారుతుంది. ఫోన్ పోతే ఆ కాపీ ఆదుకుంటుంది. మన వేలే పొరపాటు చేస్తే మాత్రం ఆదుకోదు, ఎందుకంటే డిలీట్ కూడా సింక్ అవుతుంది. అందుకే మా విజ్ఞప్తి: ముఖ్యమైన ఫోటోలకూ కాగితాలకూ ఈ సింక్‌తో సంబంధం లేని ఇంకో కాపీ ప్రతి ఇంట్లో ఉండాలి. ఫోన్ అమ్మేవారు ఈ తేడాను తెలుగులో విడమర్చి చెప్పాలి.

గూగుల్ ఫోటోస్‌నే చూడండి. అందులో ఆప్షన్ పేరే బ్యాకప్. అది ఆన్‌లో ఉండగా ఆ యాప్‌లో ఒక ఫోటో డిలీట్ చేస్తే ఫోన్‌లోంచీ పోతుంది, ఖాతాలోంచీ పోతుంది, అదే ఖాతా ఉన్న ట్యాబ్‌లోనూ కనిపించదు. బిన్‌లో 60 రోజులుంటుంది, ఆ తర్వాత లేనట్టే. ఐక్లౌడ్ ఫోటోస్ తీరూ ఇంతే, కాకపోతే అక్కడ గడువు సుమారు 30 రోజులు. ఇక ఫోన్ నిండిపోయిందని ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కితే ఫోన్‌లోని కాపీ పోయి క్లౌడ్‌లోనిది ఒక్కటే మిగులుతుంది. రెండున్నాయని మనం ధీమాగా ఉంటాం. కొన్నాళ్లకు క్లౌడ్‌లోనూ చోటు లేదన్న హెచ్చరిక వస్తుంది, ఇంట్లో ఎవరో ఒకరు కూర్చుని పాత ఫోటోలు తీసేయడం మొదలుపెడతారు. ఆ హెచ్చరిక రావడం వింతేమీ కాదు. 2021 జూన్ 1 నుంచి ఎక్కించే ఫోటోలన్నీ గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే లెక్క. జీమెయిల్, డ్రైవ్ సరేసరి, ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్‌నూ 2024లో అందులోనే కలిపారు. ఆపిల్ ఇచ్చేది 5 జీబీయే; ఒక్క పెళ్లి వీడియోకు చాలదు.

యాప్‌లూ సెట్టింగులూ కొత్త ఫోన్‌లోకి దింపుకోవడానికి తీసే ఫోన్ బ్యాకప్ వేరే ఉంది. అదీ శాశ్వతం కాదు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను 57 రోజులు వాడకపోతే ఆ బ్యాకప్‌ను గూగుల్ తీసేయవచ్చు. ఐక్లౌడ్ ఫోటోస్ ఆన్‌లో ఉంటే ఐఫోన్ బ్యాకప్‌లో ఆ ఫోటోలు చేరవు.

ఆ ఇంకో కాపీని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. గూగుల్ కంటే మన పెన్‌డ్రైవ్ గట్టిదా అని అడగవచ్చు. కాదు, అదీ పాడవుతుంది, పోతుంది. కానీ రెండూ ఒకే పొరపాటుతో ఒకేసారి పోవు. మేం కోరేది అంతే, సింక్ ఆపేయమని కాదు. నంబర్లకు దాన్ని మించింది లేదు. బిన్ ఉంది కదా అంటారా? పట్టాదారు పాస్‌బుక్ ఫోటో కోసం అవసరం పడ్డ రోజునే వెతుకుతాం, అప్పటికి గడువు ఎప్పుడో దాటి ఉంటుంది. సర్టిఫికెట్లు డిజిలాకర్‌లో దొరకవచ్చు, తాతగారి ఫోటో దొరకదు. ఇంట్లో పెట్టిన పెన్‌డ్రైవ్ పరాయివాళ్ల చేతిలో పడితే అన్న భయం న్యాయమైనదే. ఆధార్, బ్యాంకు కాగితాలను పాస్‌వర్డ్ పెట్టిన ఫోల్డర్‌లో వేసుకోండి, పెన్‌డ్రైవ్‌ను బీరువాలో పెట్టండి.

దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. ఫోన్‌కు నేరుగా తగిలించే ఓటీజీ పెన్‌డ్రైవ్ చాలు. సంక్రాంతికో దసరాకో ఊరొచ్చే పిల్లలు ఒక పూట కూర్చుంటే పెద్దవాళ్ల ఫోన్ల పనీ అయిపోతుంది. అప్పుడే ఖాతా సంగతీ చూడాలి. పోయిన ఫోన్‌లోని సిమ్‌కే ఓటీపీ వెళ్తుంటే, క్లౌడ్‌లో ఎన్ని ఉన్నా కొత్త సిమ్ వచ్చేదాకా తలుపు తెరుచుకోదు. టూ స్టెప్ వెరిఫికేషన్ ఉన్న ఖాతాకు గూగుల్ ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి పెట్టుకోండి.

షాపులవారిని అడిగేదీ ఎక్కువేం కాదు. ఏది సింక్ అవుతోంది, ఏది బ్యాకప్ అవుతోంది, డిలీట్ చేస్తే ఏది ఎక్కడెక్కడ పోతుందన్నది కొన్నవారికి తెరిచి చూపించాలి, ఒక చీటీ మీద తెలుగులో రాసి బిల్లుకు జతచేయాలి. కొనేవారూ అడిగి తీసుకోవాలి. ఇంట్లో కాపీ చేసుకున్నాక ఆ పెన్‌డ్రైవ్‌ను వేరే ఫోన్‌కు తగిలించి నాలుగు ఫోటోలు, ఒక వీడియో తెరిచి చూడండి. తెరుచుకోకపోతే మళ్లీ కాపీ చేయండి, అప్పటిదాకా ఫోన్‌లోంచి ఏదీ తీసేయకండి.