బిడ్డను తూస్తారు సరే, తల్లి మనసు ఎవరు అడుగుతారు?



ఏజెన్సీలో పోరాటం అంటే పోడు పట్టా, రోడ్డు, డోలీ మోతలు లేని వైద్యం. అన్నీ న్యాయమైనవే. మరి పసిపిల్లల మనసు, వాళ్లను కన్నవాళ్ల మనసు హక్కుల లెక్కలోకి ఎందుకు రావు?

ఆసుపత్రిలో కాన్పయితే 42 రోజుల్లో 6 సార్లు ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. వచ్చి బిడ్డను తూస్తుంది, జ్వరం చూస్తుంది. మంచిదే. "నిద్ర పడుతోందా అక్కా? ఊరికే ఏడుపొస్తోందా?" అని తల్లిని అడిగేదెవరు? కాన్పయ్యాక కొన్నాళ్లు దిగులు మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాకపోతే, అది జబ్బు కావచ్చు. నయమయ్యే జబ్బు. "గాలి సోకింది", "పొగరు" అని తోసేయకండి. పూజారి దగ్గరికి పోవద్దని అనట్లేదు, ఏఎన్ఎంకి కూడా చెప్పండి అంటున్నాం.

తండ్రి సంగతీ అంతే. భూమి పోతుందన్న భయం, అటవీ కేసులు, అప్పులు మనిషిని లోపల తినేస్తాయి. ఆ ఇంట్లో పసిబిడ్డ నోరు తెరిచి చెప్పదు. పక్క తడుపుతుంది, ఉలిక్కిపడి లేస్తుంది, మాట తగ్గిస్తుంది. అందుకే పోడు పట్టా బిడ్డ మనసుకూ మందే.

ఇంకోటి భాష. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు 100 శాతం స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దీన్ని ఉద్యోగాల నష్టంగా మాత్రమే చూస్తే సరిపోదు. అమ్మను వదిలి హాస్టల్లో ఏడ్చే పిల్లను కోయలోనో, గోండిలోనో, కువిలోనో ఓదార్చే మనిషి ఉంటారా లేదా అన్నదే అసలు ప్రశ్న.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ వైద్యాన్ని హక్కు చేసింది. తల్లి మానసిక ఆసుపత్రిలో ఉన్నా, మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా ఆమె నుంచి వేరు చేయకూడదంది. టెలీ మానస్ నంబర్ 14416, ఉచితం, 24 గంటలు. రాసిపెట్టుకోండి. కానీ సిగ్నల్ లేని గూడేనికి నంబర్ ఒక్కటే చాలదు.

అందుకే అడుగుదాం: ఆశా వచ్చిన ప్రతిసారీ తల్లి మనసు గురించీ ఆరా తీయాలి. ప్రతి ఐటీడీఏలో మన భాష వచ్చిన కౌన్సిలర్ ఉండాలి. అంగన్వాడీలో, ఆశ్రమ పాఠశాలలో మన భాష వినపడాలి.

ఈసారి గ్రామసభలో ఈ మూడూ తీర్మానంలో రాయించండి. బాలింత ఉన్న ఇంటికి వెళ్తే బిడ్డను ముద్దు చేసి వచ్చేయకండి. తల్లి పక్కన కాసేపు కూర్చోండి.