ఆడేవారే కాదు, ఆడించేవారూ మనవారు కావాలి

ఆట అనగానే మనకు ఆటగాళ్లే గుర్తొస్తారు. కప్పు ఎత్తినవారి ఫొటో పేపర్లో వస్తుంది, పేరు పదిమందికీ తెలుస్తుంది. వాళ్లను మొదట చూసి, "నువ్వు రా, ఆడగలవు" అని పిలిచిన కోచ్ ఆ ఫొటోలో ఓ మూలన ఉంటే ఉంటారు, లేకుంటే లేదు. కానీ ఎవరిని పిలవాలి, ఎవరిని ఇంటికి పంపాలి అని నిర్ణయించేది ఆ మూలన ఉన్న మనిషే. అందుకే మన పిల్లలు ఆడితే చాలదు, ఆడించే స్థానంలోకీ రావాలి అని నా అభిప్రాయం.

ఈ మాట చెప్పడానికి మన కబడ్డీనో ఖోఖోనో తీసుకోవడం లేదు. మనలో చాలామంది టీవీలో తప్ప చూడని గోల్ఫ్‌ను, అమెరికాలో ఆ ఆటకు కళాశాల కోచ్‌గా పనిచేసిన డాక్టర్ కటానా స్టార్క్స్ అనే నల్లజాతి మహిళను తీసుకుంటున్నాను.

గోల్ఫ్‌లో చిన్న బంతిని కర్రతో కొడుతూ 18 గుంటల్లో వరుసగా వేయాలి. తక్కువ దెబ్బల్లో పూర్తిచేసినవారే గెలిచినట్టు. ఆట తేలికే, ఖర్చే ఎక్కువ. ఎకరాలకొద్దీ పచ్చిక కావాలి, దానికి నీళ్లు కావాలి, కర్రల సంచి కావాలి. కాబట్టి అది కలిగినవారి ఆట అయింది. అమెరికాలో దానికి జాతి గోడ కూడా కట్టారు. అక్కడి వృత్తి గోల్ఫ్ సంఘం పీజీఏ తెల్లవారికి మాత్రమే సభ్యత్వం అని 1934లో రాసుకున్న నిబంధనను 1961లో గానీ తీసేయలేదు. పేరుమోసిన అగస్టా క్లబ్బులో జరిగే మాస్టర్స్ పోటీలో 1975లో లీ ఎల్డర్ ఆడేవరకూ ఒక్క నల్లజాతి ఆటగాడూ అడుగుపెట్టలేదు. అయితే 1982 దాకా అక్కడ ఆటగాళ్ల సంచులు మోసింది మాత్రం నల్లజాతి కేడీలే! ఆ క్లబ్బు నల్లజాతి సభ్యుణ్ణి చేర్చుకున్నది 1990లో, మహిళలను చేర్చుకున్నది 2012లో. సంచి మోయడానికి పనికొచ్చిన భుజం కర్ర పట్టడానికి పనికిరాలేదు. గుడి ముందు డప్పు కొట్టాలి కానీ గుడి లోపలికి రాకూడదన్న మాట విన్న మనకు ఇది వేరుగా వివరించనక్కర లేదు.

అలాంటి ఆటలోకి వచ్చారు స్టార్క్స్. ఆమె పుట్టింది అలబామా రాష్ట్రంలోని మొబైల్ పట్టణంలో. పనిచేసింది నాష్‌విల్‌లోని టెన్నెసీ స్టేట్ యూనివర్సిటీలో. 1912లో నల్లజాతి విద్యార్థుల కోసం తెరిచిన విద్యాసంస్థ అది. మొదట ఆమె ఈత కోచ్. 1980లలో యూనివర్సిటీకి పురుషుల గోల్ఫ్ జట్టు అవసరమైనప్పుడు ఆ బాధ్యత తీసుకున్నారు. అమెరికా కళాశాలల పోటీల్లో పైస్థాయి అయిన డివిజన్-1లో పురుషుల గోల్ఫ్ జట్టుకు ఒక నల్లజాతి మహిళ కోచ్ కావడం అదే మొదలు. ఆమె జట్టులో నల్లవారూ ఆడారు, తెల్లవారూ ఆడారు, విదేశాల నుంచి వచ్చినవారూ ఆడారు. తమను రానివ్వని ఆటలో ఆమె మాత్రం ఎవరికీ తలుపు వేయలేదు.

2005లో ఆ జట్టు జాతీయ మైనారిటీ కళాశాలల గోల్ఫ్ చాంపియన్‌షిప్ గెలిచింది. ఆమె దగ్గర ఆడిన రాబర్ట్ డిన్‌విడీ తరువాత యూరోపియన్ టూర్‌లో ఆడాడు. షాన్ ఫోలీ అనే కెనడా కుర్రవాడు 2010 నుంచి 2014 వరకు టైగర్ వుడ్స్‌కే కోచ్ అయ్యాడు. ఆటగాడి ఆట కొన్నేళ్లకు ఆగిపోతుంది. కోచ్ పని మాత్రం ఇలా చేతులు మారుతూ సాగుతుంది. ఆమె జీవితం మీద 2014లో సినిమా వచ్చింది, పేరు 'ఫ్రమ్ ద రఫ్'. మైదానంలో నున్నగా కత్తిరించిన దారికి పక్కన ఎత్తుగా పెరిగిన గడ్డిని రఫ్ అంటారు. బంతి అందులో పడితే బయటికి కొట్టడం కష్టం. మనలో చాలామంది ఆట మొదలయ్యేదే అక్కడి నుంచి. స్టార్క్స్ 2020లో కన్నుమూశారు.

కళాశాల గోల్ఫ్‌లో నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. జట్టులో అయిదుగురు ఆడతారు, అందులో మంచి నాలుగు స్కోర్లే లెక్కలోకి వస్తాయి. అయిదోది వదిలేస్తారు. ఈ రోజు అయిదోవాడు రేపు మొదటివాడు కావచ్చు. కాబట్టి మంచి కోచ్ లెక్కకు రాని ఆ అయిదోవాణ్ణి కూడా అంతే శ్రద్ధగా చూసుకోవాలి. మన హాస్టళ్ల నుంచి వెళ్లిన చాలామంది ఎక్కడికెళ్లినా ముందు ఆ అయిదో స్థానంలోనే నిలబడ్డాం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1972లో అమెరికాలో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడపిల్లలపై వివక్ష చూపకూడదన్నది. దాంతో ఆడపిల్లల జట్లు పెరిగాయి, ఆ జట్లకు డబ్బూ పేరూ వచ్చాయి. చట్టానికి ముందు కళాశాల మహిళా జట్ల కోచ్‌లలో నూటికి తొంభై మందికి పైగా మహిళలే. 2014 నాటికి వారు నూటికి 43 మంది. జీతం పెరిగిన కుర్చీలోకి మగవారు వచ్చారు. మగవారి జట్లకు కోచ్‌లుగా వెళ్లిన మహిళలు మాత్రం అప్పటికి నూటికి నలుగురు కూడా లేరు. చట్టం ఆడే అవకాశం ఇచ్చింది కానీ, ఆడించే కుర్చీని కాపాడలేదు. మనం నేర్చుకోవలసిన పాఠం ఇదే.

మన దేశంలో ఉత్తమ కోచ్‌లకు 1985 నుంచి ఇస్తున్న అవార్డు పేరు ద్రోణాచార్య. ఏకలవ్యుడి కథ తెలిసిన మనకు ఆ పేరు వింటే బొటనవేలు గుర్తుకు రాకుండా ఉంటుందా? అలాగని గురువులందరినీ అనుమానించమనడం లేదు. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. కొండలెక్కడం కూడా డబ్బున్నవారి సరదా అనే అనుకున్నాం. ఆ పిల్లల్లో శక్తి ముందు నుంచీ ఉంది. గుర్తించి, భువనగిరి గుట్ట మీద శిక్షణ ఇప్పించేవారు దొరకడమే కొత్త.

"ఆటలు అన్నం పెడతాయా?" అని మా అమ్మ అడుగుతుంది. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటిదాన్ని నేనే కనుక ఆ ప్రశ్న బరువు నాకు తెలుసు. ముందు ఉద్యోగం, తరువాతే ఏదైనా. కానీ పి.ఇ.టి. కూడా ఉద్యోగమే, పి.డి. కూడా ఉద్యోగమే. బి.పి.ఇడి., ఎం.పి.ఇడి. చదువులున్నాయి, పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ కోచింగ్ డిప్లొమా ఉంది. ఇంజనీరింగ్, గ్రూప్స్ గురించి చెప్పే సీనియర్లు ఈ దారుల గురించి ఎందుకు చెప్పరు? ముఖ్యంగా ఆడపిల్లల హాస్టళ్లలో సాయంత్రం ఒక గంట ఆడించడానికి శిక్షణ పొందిన మహిళ ఉండాలని మనం ఎందుకు అడగం?

పూర్వ విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. వార్షికోత్సవానికి వచ్చి బహుమతులు పంచి వెళ్లిపోకండి. మీలో ఆట తెలిసినవారు నెలకో ఆదివారం మన గ్రౌండ్‌కు రండి. బాగా ఆడే నలుగురినే కాదు, గోడ పక్కన నిలబడి చూస్తున్న అయిదో పిల్లను కూడా పిలవండి. ఆ పిల్ల ఎంత దూరం పోతుందో పిలిస్తేనే కదా తెలిసేది!