విమాన టికెట్‌లో పేరు తప్పితే బాధ్యత ఎవరిది?

బిలాస్‌పూర్: రైల్వే పట్టణాల్లో టికెట్ నిబంధనలు ఇంటింటికీ కరతలామలకం. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ అందుకు మినహాయింపు కాదు. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఇక్కడ ఉద్యోగాలు చేస్తూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఆ పరిజ్ఞానం వారసత్వంగా వచ్చింది. అయితే 2021 మార్చి 1న బిలాసాదేవి కేవట్ విమానాశ్రయం నుంచి సర్వీసులు మొదలైన తరువాత ఒక విషయం స్పష్టమైంది. రైలు ప్రయాణం నేర్పిన అలవాటు విమాన టికెట్ విషయంలో అక్కరకు రాదు.

ఖరారైన రైలు టికెట్‌ను తల్లిదండ్రులు, తోబుట్టువులు, సంతానం, జీవిత భాగస్వామి పేరిట ఒకసారి మార్చుకోవచ్చు. బండి బయలుదేరడానికి 24 గంటల ముందు రిజర్వేషన్ కార్యాలయంలో బంధుత్వ రుజువుతో దరఖాస్తు చేస్తే చాలు. విమాన టికెట్‌కు ఈ వెసులుబాటు లేదు. అక్కడ పేరులోని అక్షరదోషాన్ని సరిదిద్దుతారే తప్ప మనిషిని మార్చనివ్వరు. తండ్రి బదులు కుమారుడు వెళ్లాలంటే పాత టికెట్ రద్దు చేసుకుని కొత్తది కొనవలసిందే.

ఇంటిపేరు చిక్కు

తెలుగువారికి మరో ఇబ్బంది ఉంది. మన సంప్రదాయంలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత వస్తాయి. బుకింగ్ పత్రం ఈ క్రమాన్ని తలకిందులుగా అడుగుతుంది. ఒకరి ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటే మరొకరికి పూర్తిగా ఉంటుంది. హిందీ ప్రాంతాల్లో పేరు చివరి ‘రావు’నే ఇంటిపేరుగా నమోదు చేయడం, అసలు ఇంటిపేరు మాయం కావడం పరిపాటి. ప్రవేశ ద్వారం వద్ద భద్రతా సిబ్బంది టికెట్‌ను, గుర్తింపు కార్డును పోల్చి చూసినప్పుడు గానీ ఈ తేడా బయటపడదు. అప్పటికి సమయం మించిపోతుంది.

పేరులో దొర్లిన తప్పును 24 గంటల్లోగా తెలిపితే రుసుము లేకుండా సరిదిద్దాలన్న హామీ 2019 ఫిబ్రవరిలో కేంద్రం విడుదల చేసిన ప్రయాణికుల హక్కుల పత్రంలోనే ఉంది. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) 2025 నవంబరులో మరో ముసాయిదా వెలువరించింది. టికెట్ కొన్న 48 గంటల్లోగా అదనపు రుసుము లేకుండా రద్దు లేదా మార్పు చేసుకునే అవకాశాన్ని అందులో ప్రతిపాదించింది. తేదీ మార్చుకుంటే కొత్త సర్వీసు ఛార్జీలోని వ్యత్యాసాన్ని ప్రయాణికుడే భరించాలి.

ఏజెంటు దగ్గర కొన్నవారి మాటేమిటి?

అసలు లోపం ఇక్కడే ఉంది. ఉచిత పేరు సవరణను సంస్థ వెబ్‌సైట్‌లో నేరుగా కొన్న టికెట్లకే ముసాయిదా పరిమితం చేసింది. అదే ముసాయిదా ఏజెంట్లను విమానయాన సంస్థలు నియమించుకున్న ప్రతినిధులుగా పేర్కొంటూ, వారి ద్వారా కొన్న టికెట్ల సొమ్ము వాపసు బాధ్యతను సంస్థలపైనే ఉంచింది. వాపసుకు ప్రతినిధి అయిన ఏజెంటు పేరు సవరణకు మాత్రం పరాయివాడు ఎలా అవుతాడు? చరవాణిలో టికెట్ కొనలేని విశ్రాంత ఉద్యోగులు, వృద్ధ తల్లిదండ్రులు ఆశ్రయించేది వీధి చివరి ఏజెంటునే. చెప్పిన పేరును మరొకరు విని టైపు చేసే చోట తప్పులకు ఆస్కారం ఎక్కువ. రక్షణ అవసరమైన చోటే అది కొరవడుతోంది.

ఈ వ్యత్యాసం తొలగే వరకు ప్రయాణికుల అప్రమత్తతే దిక్కు. పేరును గుర్తింపు కార్డులో చూసి అక్షరం అక్షరం నింపాలి. ఏజెంటు సొంత నంబరుకు బదులు ప్రయాణికుడి ఫోను నంబరు ఇవ్వాలి. టికెట్ అందిన రోజే సరిచూసుకుని, తప్పుంటే లిఖితపూర్వకంగా తెలపాలి. టికెట్ రద్దయినా, ప్రయాణించకపోయినా విమానాశ్రయ రుసుములు, పన్నులు తిరిగి పొందే హక్కు ఉంటుంది. సంస్థ స్పందించకుంటే పౌర విమానయాన శాఖ ‘ఎయిర్‌సేవ’ పోర్టల్‌ను గానీ, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరును గానీ ఆశ్రయించవచ్చు.