పిల్లలకు కిడ్నీ మార్పిడి: ఆపరేషన్ సక్సెస్.. కానీ అసలు పరీక్ష నాలుగైదేళ్ల తర్వాతే! యాంటీబాడీలు ఏం చేస్తాయంటే..

అమరచింత: అమరచింతలో ఓ చేనేత కుటుంబం అనుకుందాం. పదేళ్ల బాబుకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. అమ్మ తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. ఆపరేషన్ సక్సెస్. డయాలసిస్ బాధ తప్పింది, బాబు మళ్లీ బడికి వెళ్తున్నాడు. వార్తలు (మేం రాసేవి కూడా) చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. కానీ ఆ కిడ్నీ పదేళ్లు పనిచేస్తుందా, ఇరవై ఏళ్లు పనిచేస్తుందా అన్నది తేలేది ఆ తర్వాతే. అందులో పెద్ద పాత్ర బాబు రక్తంలోనే పుట్టే యాంటీబాడీలది.

అమ్మ కిడ్నీ అయినా పరాయిదేనా?

కరోనా టైమ్‌లో యాంటీబాడీలు ఉంటే మంచిది అని విన్నాం కదా. ఇక్కడ సీన్ రివర్స్. మన కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులు ఉంటాయి. శరీరానికి ఆధార్ నంబర్ లాంటివి అనుకోండి. వీటిలో సగం అమ్మ నుంచి, సగం నాన్న నుంచి వస్తాయి. అందుకే అమ్మే కిడ్నీ ఇచ్చినా బిడ్డకు గ్యారంటీగా కలిసేది సగమే. మిగతా సగాన్ని ఒంట్లోని రక్షణ వ్యవస్థ పరాయిదిగా చూస్తుంది. 1954 డిసెంబర్‌లో బోస్టన్‌లో జరిగిన తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడిలో దాత, రోగి ఒకేలాంటి కవలలు. గుర్తులన్నీ ఒకటే కాబట్టి ఆ గొడవే రాలేదు.

ఆపరేషన్‌కు ముందే రక్తంలో దాతకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉంటే ఎంత ప్రమాదమో 1969లో పటేల్, టెరసాకి అనే పరిశోధకులు చూపించారు. అలాంటి 30 మందిలో 24 మందికి కొత్త కిడ్నీ వెంటనే దెబ్బతింది. అప్పటి నుంచే మార్పిడికి ముందు క్రాస్‌మ్యాచ్ టెస్ట్ తప్పనిసరి అయింది.

మరి తర్వాత పుడితే?

అసలు సమస్య ఇదే. కెనడాలోని మానిటోబాలో 315 మంది కిడ్నీ మార్పిడి రోగులను ఏళ్ల తరబడి గమనించి 2012లో ఫలితాలు ప్రచురించారు. ఆపరేషన్ నాటికి వాళ్లెవరిలోనూ దాత మీద యాంటీబాడీలు లేవు. తర్వాత 15 శాతం మందిలో కొత్తగా పుట్టాయి, అదీ సగటున నాలుగున్నరేళ్లు దాటాక. పదేళ్లకు చూస్తే యాంటీబాడీలు లేనివాళ్లలో 96 శాతం కిడ్నీలు పనిచేస్తున్నాయి. పుట్టినవాళ్లలో 57 శాతమే. మందులు సరిగా వేసుకోకపోవడం దీనికి ఒక ముఖ్య కారణమని తేలింది.

పైగా ఇది చడీచప్పుడు లేకుండా జరుగుతుంది. యాంటీబాడీలు కిడ్నీలోని సన్నటి రక్తనాళాల గోడల్ని మెల్లగా పాడు చేస్తుంటాయి. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. క్రియాటినిన్ కూడా చాలాకాలం నార్మల్‌గానే కనిపిస్తుంది. అది పెరిగేసరికి లోపల చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. ఆ దశలో పక్కాగా పనిచేసే మందు ఇంకా లేదు. ఫెల్జార్టమాబ్ అనే మందు మీద 2024లో వచ్చిన ఫలితాలు ఆశ కలిగించాయి. కాకపోతే అది 22 మంది పెద్దవాళ్ల మీద చేసిన చిన్న ట్రయల్.

ఇప్పుడు మన బాబు దగ్గరికి వద్దాం. పదేళ్లకు ఆపరేషన్ అయితే, నాలుగైదేళ్ల తర్వాత అంటే పద్నాలుగు, పదిహేనేళ్లు. అమ్మ చేత్తో మందులు వేసే వయసు దాటిపోయింది. గురుకుల హాస్టల్‌లో ఉంటే ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి టాబ్లెట్ వేసుకున్నాడా లేదా చూసేదెవరు? స్టెరాయిడ్లతో ముఖం ఉబ్బుతుంది, మొటిమలు వస్తాయి. ఫ్రెండ్స్ ఏమంటారో అని మానేసే పిల్లలూ ఉంటారు. ఒక పూట మానేస్తే ఏమీ కాదు. అదే తప్పుదారి పట్టిస్తుంది. ఏమీ కాలేదు కదా అని మళ్లీ మానేస్తారు. దీన్ని పిల్లాడి తప్పుగా చూడటం నాకైతే అన్యాయం అనిపిస్తుంది.

టాబ్లెట్ ఫ్రీ.. బస్సు ప్రయాణం?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద కిడ్నీ మార్పిడి ఉచితం. తర్వాత జీవితాంతం వాడాల్సిన మందులు కూడా ప్రభుత్వమే ఇస్తోంది. ఇది చిన్న విషయం కాదు. చిక్కు మరోచోట ఉంది. టాక్రోలిమస్ అనే ప్రధాన మందు రక్తంలో ఎంత ఉందో తరచూ చూడాలి. తగ్గితే యాంటీబాడీలు పుడతాయి, పెరిగితే కిడ్నీకే దెబ్బ. ఈ టెస్ట్‌కు రక్తం ఉదయం డోసు వేసుకోకముందే ఇవ్వాలి. అమరచింత నుంచి హైదరాబాద్ 150 కిలోమీటర్లకు పైనే. టాబ్లెట్ సంచిలో పెట్టుకుని తెల్లవారకముందే బయల్దేరాలి, లేదా ముందురోజే వెళ్లి ఉండాలి. దారిలో మర్చిపోయి టాబ్లెట్ వేసేస్తే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి డోసు తగ్గిస్తే ఇంకో ప్రమాదం. మగ్గం ఆగితే నాన్నకు ఆ రోజుల కూలీ పోయినట్టే. మూడు నెలలకోసారి వెళ్లాల్సింది ఆరు నెలలకు మారేది ఇలాగే.

ఇంకో మాట. పిల్లాడి కిడ్నీ ఒక్కసారితో అయిపోయేది కాదు. పదేళ్లకు పెట్టింది బాగా పనిచేసినా పాతికేళ్లకో, ముప్పై ఏళ్లకో రెండోది కావాల్సి రావచ్చు. మొదటి కిడ్నీ మీద పుట్టిన యాంటీబాడీలు అప్పుడు మళ్లీ అడ్డం తిరుగుతాయి. దాతలు దొరికినా మ్యాచ్ కారు. రక్తం ఎక్కించడం వల్ల కూడా ఇవి పుట్టొచ్చు. అందుకే మార్పిడి జరగాల్సిన పిల్లలకు రక్తహీనత ఉంటే, ఎమర్జెన్సీ కానప్పుడు ఐరన్, ఎరిత్రోపొయిటిన్ ఇంజక్షన్లతో సరిచేయొచ్చా అని డాక్టర్‌ని అడగండి.

చట్టం వైపు ఒక ఊరట ఉంది. 2011లో కేంద్రం సవరించిన అవయవ మార్పిడి చట్టాన్ని అమలు చేసేందుకు 2025 మార్చిలో తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది. ఆ చట్టం ప్రకారం తాతలు, అమ్మమ్మ, నానమ్మ కూడా దగ్గరి బంధువులుగా కిడ్నీ ఇవ్వొచ్చు. సొంతవాళ్లది మ్యాచ్ కాకపోతే రెండు కుటుంబాలు దాతల్ని మార్చుకునే స్వాప్ పద్ధతికీ వీలుంది. యాంటీబాడీలు ఉన్న పిల్లలకు ఎక్కువ ఉపయోగపడేది ఇదే.

ఇక ఫాలోఅప్ సంగతి. జిల్లాల్లో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ హబ్‌లు ఉన్నాయి. పీహెచ్‌సీల నుంచి వాటికి రోజూ రక్తం శాంపిల్స్ వెళ్తూనే ఉన్నాయి. టాక్రోలిమస్ శాంపిల్ కూడా అదే బండిలో వెళ్తే, టాబ్లెట్ సంచిలో పెట్టుకుని ఎవరూ చీకట్లో బస్సెక్కాల్సిన పనిలేదు.