బండిమీది ఓడ

ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అని మనవారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. భాగ్యచక్రము తిరుగుటను గూర్చి పుట్టిన ఈ సామెత మన కాలమున అక్షరార్థముగనే సత్యమగుచున్నది. 2018 ఆగస్టులో కేరళమును వరదలు ముంచెత్తినప్పుడు సముద్రతీరమునందలి జాలరులు తమ పడవలను లారీలపై నెక్కించుకొని చెంగన్నూరు మొదలగు లోనాటి ఊళ్లకు పోయి వేలకొలది ప్రాణములను కాపాడిరి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరాది ప్రాంతములను ముంచినప్పుడు జనులు నడచు వీథులలోనే పడవలు తిరిగినవి. వరదలు తప్పని దేశమున పడవ రోడ్డెక్కక తప్పదు. ఎక్కిన పడవ క్షేమముగ గమ్యము చేరవలెననినచో, దానిని లాగు విద్య మనకు తెలిసియుండవలెను.

పడవను లాగుట ఆంధ్రులకు క్రొత్త పని కాదు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట గోదావరి కాలువలలో పడవల రాకపోకలు సాగినంతకాలము, గాలి లేనప్పుడు మోకును భుజమున వైచుకొని గట్టు వెంబడి నడచుచు పడవను లాగు మనుష్యులుండిరి. అయితే ఆ ఏర్పాటులో ఒక విశేషము గలదు. గట్టుమీద లాగువారు లాగుచుండగా, పడవలో చుక్కాని పట్టినవాడొకడు కూర్చుండెడివాడు. లాగువాడు వేరు, నడుపువాడు వేరు. నేడు మోటారు వెనుక తగిలించు బండికి చుక్కాని లేదు. దానిలో కూర్చుండి మార్గము చూచువాడును లేడు. ముందున్న చోదకుని చేతిలోని చక్రమే రెండింటికిని దిక్కు.

ఈ వెనుకబండి విషయమున మనదేశమున ఒక పొరపాటు భావము వ్యాపించియున్నది. లాగునదే వాహనము, లాగబడునది సామాను అని మనము తలంచుచున్నాము. లాగు యంత్రమునకు అనుజ్ఞాపత్రము, బీమా, తనిఖీ మున్నగు వానిని గూర్చి అడుగుదుము గాని, వెనుక నున్న దానికి బ్రేకు కలదా, దీపము కలదా, కొక్కెము గట్టిదేనా యని అడుగువారరుదు. రోడ్డుమీద మాత్రము ఈ భేదము చెల్లదు. వెనుకబండి తనంతట తాను ఊగగలదు, త్రోయగలదు, తెగిపోగలదు. దానిని సామానుగా నెంచినంతకాలము అది మనుష్యులను చంపుచునే యుండునని మా అభిప్రాయము.

మొదట బరువును గూర్చి చెప్పెదము. ఎడ్లబండి తోలినవారికి ఈ శాస్త్రము తెలియనిది కాదు. బరువంతయు వెనుకకు వేసినచో నొగలు పైకి లేచి కాడి ఎడ్ల మెడలను పట్టును. ముందుకు వేసినచో ఎడ్లు ఆ భారమునకు క్రుంగును. కొంచెము ముందుమొగ్గు ఉండవలెనని బండివాడు చేతితో నొగ నెత్తి చూచి తెలిసికొనును. మోటారు వెనుకబండికిని ఇదియే సూత్రము. మొత్తము బరువులో నూటికి 10 మొదలు 15 పాళ్లవరకు కొక్కెము మీద ఆనవలెనని అమెరికాలో సామాన్యముగ చెప్పుదురు. పడవబండ్లకు ఇంతకంటె కొంత తక్కువయైనను చాలునందురు. పడవకు యంత్రము వెనుకభాగమున నుండును గనుక, ఇరుసుపై పడవను సరియైన చోట నిలుపకున్న బరువు సహజముగనే వెనుకకు పోవును. అట్టి బండి కొంత వేగము మించగానే పాము వలె అటునిటు ఊగ నారంభించును. అప్పుడు భయపడి బ్రేకును గట్టిగా త్రొక్కువాడును, వేగము పెంచి తప్పించుకొనజూచువాడును ప్రమాదమును కొనితెచ్చుకొన్నవారే. చక్రమును తిన్నగా పట్టుకొని, వేగమును తనంతట తాను తగ్గనిచ్చుట యొక్కటే సురక్షితమార్గము.

రెండవది ఆపుట. వెనుక బరువు చేరినకొలది వాహనము నిలుచుటకు పట్టు దూరము పెరుగును. కనుక ముందుపోవు బండికిని తమకును నడుమ మామూలుకంటె చాల ఎక్కువ ఎడము విడువవలెను. మలుపునకు ముందే వేగము తగ్గించవలెను గాని మలుపులో కాదు. పల్లమునకు దిగునప్పుడు బ్రేకులేని వెనుకబండి లాగబడుట మాని ముందుదానిని త్రోయుటకు మొదలిడును. అట్లు త్రోయగా రెండును మడతకత్తి వలె ఒకదానిమీదకొకటి ముడుచుకొనిపోవును. మలుపులో వెనుకబండి చక్రములు ముందుబండి చక్రముల జాడలో రాక, మలుపు లోపలివైపునకు జరుగుననియు, అందుచే మూలనున్న పాదచారికిని సైకిలువానికిని అపాయము కలుగుననియు చోదకుడు మరువరాదు.

మూడవది బంధనము. కొక్కెము ఒక్కటే చాలదు. అది ఊడినను బండి విడిపోకుండ రెండు గొలుసులను కొక్కెము క్రింద కత్తెర వలె అడ్డముగా తగిలింతురు. ముందుకొయ్య జారినను నేలకు తగులక ఆ గొలుసుల ఊయలలో నిలుచునని దాని భావము. పడవబండికి మరియొక చిక్కు కలదు. పడవను దింపుటకు బండి చక్రములవరకు నీటిలోనికి పోవును. దూరము నడచి వేడెక్కిన చక్రపు బేరింగులు చన్నీట మునిగినప్పుడు నీరు లోనికి పోయి కందెనను చెరచును. దీపపు తీగెలు త్రుప్పుపట్టును. కావున నీటి నుండి వెలువడిన ప్రతిసారియు చక్రములను, దీపములను పరీక్షించుట ఆవశ్యకము.

ఇతర దేశములవారు ఈ సంగతులను ఎట్లు చూచుచున్నారు? బ్రిటనులో 750 కిలోల మొత్తపు బరువు మించిన వెనుకబండికి స్వంత బ్రేకు ఉండితీరవలెను. బండి విడిపోయినచో బ్రేకు తనంతట తాను పడునట్లు ఒక తీగెను అమర్చవలెను. కార్లు గంటకు 70 మైళ్లు పోదగిన రాజమార్గములపై వెనుకబండి గల కారు 60 మైళ్లు మించరాదు. 1997 మొదలు క్రొత్తగా అనుజ్ఞ పొందినవారు ఒక పరిమితి మించిన బరువుబండ్లను లాగుటకు వేరుగ పరీక్ష నెగ్గవలసియుండెను. 2021 డిసెంబరులో ఆ ప్రభుత్వము ఈ పరీక్షను తీసివేసినది. ఆ తీసివేత మనకు ఆదర్శము కానేరదు. అచ్చట బ్రేకును, దీపమును, వేగమును గూర్చిన నియమములు నిలిచియే యున్నవి. మనకు ఆ పునాదియే ఇంకను బలపడలేదు.

ఇక మన ఇంటి సంగతికి వత్తము. మనదేశమున పడవబండ్లు అరుదు. మన రోడ్లపై వెనుకబండి యనగా ట్రాక్టరు వెనుక తగిలించు తొట్టియే. పైన చెప్పిన బరువు సూత్రము, బ్రేకు సూత్రము, గొలుసు సూత్రము దీనికిని అట్లే వర్తించును. అయితే పడవబండిలో పడవ యుండును. మన తొట్టిలో మనుష్యులుందురు. 2018 ఏప్రిల్ 6వ తేదీన నల్లగొండ జిల్లా వద్దిపట్ల యొద్ద కూలీలతో పోవుచున్న ట్రాక్టరు కాలువలో పడి 9 మంది మరణించిరి. అదే సంవత్సరము జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ సమీపమున మరియొక ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది మరణించిరి. మృతులలో అత్యధికులు పొలముపనికి పోవుచుండిన స్త్రీలు. 2022 అక్టోబరు 1న ఉత్తర ప్రదేశమునందలి ఘాటంపూరు కడ దైవదర్శనము చేసికొని వచ్చుచున్న జనులతో నిండిన తొట్టి చెరువులో బోల్తాపడి ఇరువదిమందికి పైగా చనిపోయిరి. తొట్టి తలక్రిందులైనప్పుడు అందున్నవారు దాని క్రింద చిక్కుకొందురు. నీరు కొద్దిగనే యున్నను బయటపడు దారి యుండదు.

2022లో దేశమంతట రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరని కేంద్రప్రభుత్వపు లెక్క. ఇంత పెద్ద సంఖ్యలో తొట్టిలోని కూలీల చావు ఎవరి కంటను పడదు. ప్రమాదము జరిగిన దినమున పరామర్శలు, పరిహారపు ప్రకటనలు వెలువడును. మరునాటి ఉదయము అదే కాలువగట్టు మీద మరియొక తొట్టి మరి ముప్పదిమందితో బయలుదేరును.

శాసనము లేకపోలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము తన నిర్వచనములోనే ట్రైలరును మోటారు వాహనముగ చేర్చినది. దానికిని రిజిస్ట్రేషను అవసరమనినది. ట్రాక్టరనగా తాను బరువు మోయుటకు నిర్మింపబడనిదని అదే చట్టము చెప్పుచున్నది. అయితే ట్రాక్టరు నడుపు అనుజ్ఞ గలవాడు దానికి తొట్టి తగిలించినంతమాత్రమున అనర్హుడు కాడని సర్వోన్నత న్యాయస్థానము 2001లో నాగశెట్టి వ్యాజ్యమున తీర్పిచ్చినది. బాధితులకు బీమా దక్కవలెనను దృష్టితో చూచిన ఆ తీర్పు న్యాయమైనదే. కాని ట్రాక్టరు నడుపుట నేర్చినవాడు తొట్టిని లాగుట కూడ నేర్చెనని దానివలన సిద్ధింపదు. ఒక్క ఉదాహరణము చాలును. ట్రాక్టరునకు ఎడమ చక్రమునకొకటి, కుడి చక్రమునకొకటి చొప్పున రెండు బ్రేకు పెడలులుండును. దుక్కిలో చాలు తిరుగుటకు వానిని వేర్వేరుగ త్రొక్కుదురు. రోడ్డెక్కునప్పుడు రెండింటిని కలిపి గడియ వేయవలెను. వేయక ఒక్కదానినే త్రొక్కినచో బండి ఆ ప్రక్కకు విసురుగ తిరుగును. వెనుక తొట్టి, ప్రక్కన కాలువ ఉన్నప్పుడు ఆ ఒక్క గడియ ముప్పదిమంది ప్రాణములకు కాపు.

తొట్టిలో మనుష్యులను ఎక్కించుటను పూర్తిగ నిషేధించి, ఎక్కినవారికి జరిమానా వేయుడని కొందరు చెప్పుచున్నారు. దీనితో మేము ఏకీభవింపజాలము. తొట్టిలో మనుష్యులు పోవుట తప్పే. కాని ఆ తప్పు ఎక్కినవారిది కాదు. సూర్యోదయమునకే నాలుగు క్రోసుల దూరమునందలి పత్తిచేనికో మిరపతోటకో చేరవలసిన స్త్రీకి బస్సు లేదు. ఆటోకు చెల్లించినచో కూలిలో కొంత పోవును. యజమాని పంపిన తొట్టి ఆమెకు ఎంచుకొన్న వాహనము కాదు, దొరికిన వాహనము. ఆమెను దండించుట నిర్దయ. పని చేయించుకొనువాడు పనివారిని పొలమునకు చేర్చు భారమును వహించవలెను. ప్రభుత్వము ఆ దారికి వాహనమును కల్పింపవలెను. ఈ రెండును జరుగక వేయు నిషేధము పోలీసు కంటబడని దారులకు, అనగా మరింత ఇరుకైన కాలువగట్లకు, తొట్టిని తరుముట మాత్రమే యగును.

కావున ప్రభుత్వములకు మేము చేయు సూచనలివి. నాట్ల కాలమునను, పత్తి, మిరప కోతల కాలమునను కూలీలు గుంపులుగా పోవు మార్గములను గుర్తించి ఉదయసాయంకాలములందు బస్సులు నడుపవలెను. ప్రజలు నడచు కాలువగట్లపై మలుపులకడనైన అడ్డుగోడలు కట్టవలెను. తొట్టి వెనుక ఎఱ్ఱదీపము, మెఱయు పట్టీ, గట్టి కొక్కెము, గొలుసు లేనిదే రోడ్డెక్కనీయరాదు. చీకటిలో దీపములేక ఆగియున్న తొట్టిని వెనుకనుండి ఢీకొని చనిపోవు ద్విచక్రవాహనదారుల ప్రాణములు ఒక చిన్న పట్టీతో దక్కును. క్రొత్తగా తయారగు బరువుతొట్టెలకు స్వంత బ్రేకు ఉండి తీరవలెను. ట్రాక్టరు అనుజ్ఞ నిచ్చునప్పుడు తొట్టి తగిలించి మలుపు త్రిప్పించి, వెనుకకు నడిపించి చూడవలెను. వరద సహాయదళములకు పడవలతోపాటు సరియైన పడవబండ్లను, వానిని లాగ నేర్చిన చోదకులను సిద్ధముగ నుంచవలెను. రక్షింపబోవు పడవ దారిలో మరియొకరి ప్రాణము తీయుటకంటె విచారకరమైనది లేదు.

చోదకులతోను ఒక్క మాట. బయలుదేరుటకు ముందు అయిదు నిమిషములు దిగి బండి చుట్టును తిరుగుడు. కొక్కెమును కదల్చి చూడుడు. గొలుసును, చక్రపు మరలను, దీపమును చూడుడు. బ్రేకుల గడియ పడినదో లేదో చూడుడు. మీ వెనుక వచ్చుదానికి కన్నులు లేవు. దానిలో కూర్చున్నవారి చేతిలో చుక్కాని లేదు. వారు తమ ప్రాణములను మీ చేతిలోని చక్రమునకు అప్పగించి ఎక్కిరి. ఆ అప్పగింతను గౌరవించుట మీ ధర్మము. వారు అట్టి బండి నెక్కవలసిన అగత్యమును తొలగించుట పాలకుల ధర్మము. మొదటిదానికి నేటి ఉదయమే చాలును. రెండవదానికి వచ్చు నాట్ల కాలమును మించి గడువు అక్కరలేదు.