తొట్టి చేపను చెరువులో వదలొద్దు

అక్వేరియం దుకాణంలో వేలెడంత సక్కర్ చేప ముద్దుగా ఉంటుంది. అద్దానికి నోరు అతికించుకుని పాచి గీరి తింటుంది కాబట్టి తొట్టి కడిగే పని తప్పుతుందని కొనేవారి ఆశ. అది మూరెడు పొడవు పెరుగుతుందని అప్పుడు చాలామందికి తెలియదు. పెరిగాక తొట్టి చాలదు, చంపడానికి చేతులు రావు. దగ్గర్లోని చెరువులో వదిలేస్తారు. అపాయం అక్కడే మొదలవుతుంది.

శాస్త్రీయంగా తెరిగోప్లిక్తిస్ అనే ఈ చేపల పుట్టిల్లు అమెజాన్, ఒరినోకో లాంటి దక్షిణ అమెరికా నదులు. ఒంటి నిండా ఎముక పలకల కవచం, రెక్కలకు గట్టి ముళ్లు. వలలో పడితే వల చిరుగుతుంది, విడదీసే జాలరి చేతులు గీసుకుపోతాయి. నీటిలో ప్రాణవాయువు తగ్గితే పైకొచ్చి గాలి మింగి పొట్టతో శ్వాసిస్తుంది. అందుకే మురుగులోనూ బతుకుతుంది.

ఒడిశాలోని గంజాం జిల్లాకు అసలు భయం మాత్రం దీని బొరియలతోనే. మగచేప గట్టులోకి మీటరు లోతు దాకా తవ్వి, ఆడచేప పెట్టిన గుడ్లకు అందులోనే కాపలా కాస్తుంది. నీళ్లు దిగేసరికి గుల్లబారిన గట్టు జారుతుంది. కొడల, ఖల్లికోట చుట్టుపక్కల చెరువులకు ఉన్నవి మట్టిగట్లే. పైగా ఒడిశా ప్రభుత్వం పంచాయతీ చెరువులను మహిళా సంఘాలకు చేపల పెంపకానికి లీజుకిస్తోంది. బొచ్చె, శీలావతి పిల్లలు వదిలి ఏడాదంతా ఎదురుచూసే ఆ ఆడవాళ్ల వలల్లో ఈ ముళ్ల చేపలు పడితే నష్టం ఎవరు భరిస్తారు?

ఇది ఊహించుకున్న భయం కాదు. 2020లో వారణాసి దగ్గర గంగలో ఈ చేప దొరికింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో మిగిలే డీఎన్‌ఏ ఆనవాళ్లను వెతికి, తూర్పు కనుమల ప్రాంతంలో 60 శాతం నీటి వనరులకు ఇది పాకిందని 2025లో తేల్చారు. ఆ కనుమల పాదాల దగ్గరే గంజాం ఉంది. మెక్సికోలో తిలాపియాకు పేరుపడ్డ ఇన్ఫియెర్నీయో జలాశయంలో ఇవే వలల నిండా పడి, జాలర్ల ఆదాయం కుప్పకూలింది. అక్కడి వాళ్లు దీన్ని దెయ్యం చేప అన్నారు, ఆంధ్రలోనూ అదే పేరు పడింది. బంగ్లాదేశ్ 2023లో ఈ చేపలను నిషేధించింది.

కాస్త ఉప్పదనాన్నీ ఇది ఓర్చుకోగలదు. అంటే చిత్తడి నేలగా 1981 నుంచి రామ్‌సర్ గుర్తింపున్న చిలికా సరస్సు అంచులు కూడా దీనికి పూర్తిగా మూసిన తలుపులు కావు. ఆ సరస్సు ఒడ్డునున్న రంభ రేవు జాలర్లకు ఇది ముందే తెలియాలి.

ఒకసారి పాతుకున్నాక పట్టి తీయడం దాదాపు అసాధ్యం. విషం పోస్తే మంచి చేపలే ముందు చస్తాయి. కాబట్టి చేయాల్సిందంతా ముందే చేయాలి. ఈ చేప ఎంత పెరుగుతుందో దుకాణదారు కొనేవారికి చెప్పి తీరాలి, వద్దనుకున్న చేపను వెనక్కి తీసుకోవాలి. బరంపురం, కొడల పురపాలకులు చెరువుల దగ్గర తెలుగులోనూ ఒడియాలోనూ హెచ్చరిక బోర్డులు పెట్టాలి. మన దేశంలోనూ దీని అమ్మకాన్ని ఆపాలి.

ఇంట్లో సక్కర్ చేప ఉన్నవారు దాన్ని ఏ నీటిలోనూ వదలకండి. వలలో పడితే తిరిగి చెరువులోకి విసరకండి, ఫోటో తీసి జిల్లా మత్స్యశాఖకు చూపించండి.