రాత్రి నోరెండడం దాహం కాదు

నోటి క్యాన్సర్‌కు చికిత్స ముగించుకొని ఇల్లు చేరిన వ్యక్తి రాత్రిళ్లు నోరు ఎండిపోయి నిద్ర పట్టడం లేదని చెప్పుకుంటే, మంచం పక్కన నీళ్ల సీసా పెట్టుకోమని సలహా చెప్పి ఊరుకోవడం ఈ మధ్య ఒక ఆచారంగా స్థిరపడిపోయింది. పత్రికల ఆరోగ్య శీర్షికలలోనూ, టెలివిజన్ చర్చలలోనూ, ఆసుపత్రి గది గుమ్మం దగ్గర తొందరలో పడే రెండు ముక్కలలోనూ ఇదే మాట వినిపిస్తుంది. దానికి తోడుగా, ప్రాణం దక్కింది కదా, ఈ మాత్రం ఓర్చుకోవాలి అనే హితవు ఒకటి. వీటిలో మొదటిది శరీరం పనిచేసే తీరు తెలియని మాట, రెండవది కనికరం లేని మాట. రెండింటినీ కలిపి వైద్యసలహాగా చలామణీ చేయడాన్ని ఇక ఉపేక్షించడానికి వీలులేదు.

ఒంట్లో నీటి పాలు తగ్గినప్పుడు మెదడు పుట్టించే కోరిక దాహం. నీళ్లు తాగితే అది తీరుతుంది. వాడుకలో కరెంటు పెట్టడమని పిలిచే రేడియేషన్ చికిత్స తరువాత నోరు ఎండడానికి కారణం నీటి కొరత కాదు, లాలాజలాన్ని తయారుచేసే గ్రంథులే దెబ్బతినడం. ఆరోగ్యవంతులలో రోజుకు అరలీటరు నుంచి లీటరున్నర వరకు లాలాజలం ఊరుతుంది. నమిలేటప్పుడు పొంగివచ్చే దానిలో పెద్ద వాటా చెవుల ముందున్న పెరోటిడ్ గ్రంథులది కాగా, ఏమీ తినని వేళల్లో నోటిని తడిగా ఉంచే లాలాజలంలో దాదాపు మూడింట రెండు వంతులు దవడ ఎముక కిందనుండే సబ్‌మాండిబ్యులర్ గ్రంథుల నుంచి వస్తుంది. నోటి క్యాన్సర్ శస్త్రచికిత్సలో మెడలోని లింఫ్ గ్రంథులను తొలగించేటప్పుడు, వాటిని అంటిపెట్టుకొని ఉన్న ఈ లాలాజల గ్రంథిని కూడా ఆ వైపున తీసివేయడం పరిపాటి. ఆ పైన ఆరేడు వారాల పాటు, వారానికి ఐదు రోజుల చొప్పున, అదే ప్రాంతానికి మొత్తం 60 నుంచి 66 గ్రేల రేడియేషన్ ఇస్తారు. గ్రే అంటే కణజాలం గ్రహించిన రేడియేషన్‌కు కొలమానం. ఆరోగ్యవంతులకు సైతం నిద్రలో లాలాజలం ఊరడం దాదాపు ఆగిపోతుంది, కాని పొరల మీద మిగిలిన పలుచని జిగట పూత వారిని తెల్లవారేదాకా కాపాడుతుంది. ఆ పూతే లేకుండా పడుకున్నవారికి నాలుక అంగిలికి అతుక్కుపోయి, గొంతులో ముళ్లు దిగినట్టయి, గంటకూ రెండు గంటలకూ మెలకువ రావడంలో ఆశ్చర్యం ఏముంది?

లాలాజలంలో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు నీరే కనుక నీళ్లు తాగితే సరిపోదా అని వాదించేవారున్నారు. ఆ మిగిలిన ఒక్క పాలులోనే అసలు సంగతంతా ఉంది. పొరలకు అంటుకొని తడిని పట్టి ఉంచే మ్యూసిన్ అనే జిగురు పదార్థం, ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్, పళ్ల పైపొరను తిరిగి గట్టిపరిచే కాల్షియం, ఫాస్ఫేట్, సూక్ష్మజీవులను అణిచే లైసోజైమ్ వంటి మాంసకృత్తులు, అన్నీ ఆ ఒక్క పాలులోనివే. మంచినీటిలో ఇవి లేవు. గుక్కెడు నీళ్లు నోటిని కొద్ది నిమిషాలు తడిపి కడుపులోకి జారిపోతాయి; పోతూ పోతూ, పొరల మీద మిగిలిన కాస్త జిగటనూ కడిగి తీసుకుపోతాయి. రాత్రి పొడుగునా తాగిన నీళ్లకు మూత్రానికి లేవక తప్పదు. నోరెండి ఒకసారి, మూత్రానికి ఒకసారి నిద్ర చెడిన వృద్ధుడు చీకట్లో తూలి పడితే ఆ సలహా ఇచ్చినవారు బాధ్యత వహిస్తారా? నాలుకలో కొంత భాగం కోల్పోయి మింగే శక్తి కుంటుపడినవారు నిద్రమత్తులో పడుకొనే గబగబా తాగితే నీరు శ్వాసనాళంలోకి పోయే ప్రమాదం కూడా ఉంది. ఇన్ని చిక్కులున్న సలహాను, ఏ మందుకూ ఇవ్వనంత ధీమాతో, అడిగినవారికల్లా పంచిపెడుతున్నారు. పగటిపూట భోజనంతో పాటు, మాటల మధ్య, గుక్కగుక్కగా నీళ్లు తాగడం మేలే. దాన్ని రాత్రి బాధకు చికిత్సగా చెప్పడమే తప్పు.

ఓర్చుకోవాలనే హితవు వెనుక, చేసుకున్నవారికి చేసుకున్నంత అనే తీర్పు దాగి ఉంది. పొగాకు నమిలినవారు, గుట్కా తిన్నవారు, చుట్ట కాల్చినవారు కాబట్టి అనుభవించాలని సమాజం లోలోపల నమ్ముతుంది. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న కొసను నోటిలో పెట్టుకొని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు పేద స్త్రీలలో తరతరాలుగా ఉన్నదే. ఆ వేడికి, పొగకు అంగిలిలో వచ్చే మార్పులపై పదివేల మందికి పైగా గ్రామీణులను పరీక్షించి చేసిన అధ్యయనం 1971లోనే ప్రచురితమైంది. అర్ధశతాబ్దం దాటినా ఆ స్త్రీలను ఆ అలవాటు నుంచి పూర్తిగా తప్పించలేని సమాజానికి, చికిత్స తరువాత వారి రాత్రుల మీద నీతి చెప్పే అధికారం ఎక్కడిది? పైగా ఏ పొగాకూ ముట్టనివారికి కూడా ఈ జబ్బు వస్తుంది.

ఇక ఇంటింటి చిట్కాలు. పడుకోబోయే ముందు కలకండ బిళ్ల చప్పరించమనడం, నాలుకకు తేనె రాయమనడం, నిమ్మరసం పుక్కిలించమనడం పళ్లను చేజేతులా పాడుచేయడమే. లాలాజలం లేని నోటిలో చక్కెర రాత్రంతా నిలిస్తే చిగుళ్ల అంచున పళ్లు పుచ్చి విరిగిపోతాయి. రేడియేషన్ సోకిన దవడలో పన్ను పీకితే పుండు మానక ఎముకే చచ్చిపోయే ప్రమాదముంది. అందుకే దంతవైద్యులు గాఢమైన ఫ్లోరైడ్ జెల్ రాయమంటారు. ఫ్లోరైడ్ అనగానే నల్లగొండ గుర్తుకు వచ్చి భయపడేవారున్నారు, ఆ భయాన్ని తప్పుపట్టలేము. కాని అక్కడ ఎముకలను వంచింది ఏళ్ల తరబడి తాగునీటితో కడుపులోకి పోయిన ఫ్లోరైడ్, ఇక్కడ పళ్లకు పూసి ఉమ్మివేసేది కొద్దిపాటి మోతాదు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌లు నోటిని మరింత ఎండబెడతాయన్న సంగతి కూడా చెప్పేవారు లేరు.

రేడియేషన్ అన్నాక నోరెండక తప్పదనే మాట కూడా పూర్తి సత్యం కాదు. కిరణాల మోతాదును అవయవం ఆకారాన్ని బట్టి మలిచే ఐఎంఆర్‌టీ అనే పద్ధతిలో పెరోటిడ్ గ్రంథులను కాపాడుతూ బ్రిటన్‌లో గొంతు క్యాన్సర్ రోగులపై జరిపి 2011లో ప్రచురించిన పార్‌స్పోర్ట్ పరిశోధనలో, ఏడాది తరువాత ఒక మోస్తరుగానో అంతకు మించో నోరెండిపోయినవారు పాత పద్ధతిలో నూటికి 74 మంది ఉండగా కొత్త పద్ధతిలో 38 మంది మాత్రమే ఉన్నారు. నోటి క్యాన్సర్‌లో దవడ కింది గ్రంథిని కాపాడడం ఇంకా కష్టమైన మాట నిజమే, అయినా ఏ గ్రంథికి ఎంత మోతాదు పడుతుందని చికిత్సకు ముందే అడిగే హక్కు రోగికి ఉంది.

రాత్రికి వేరే ఉపాయాలు కావాలి. నీటి కంటే ఎక్కువసేపు అంటిపెట్టుకొని ఉండే లాలాజల ప్రత్యామ్నాయ జెల్‌ను పడుకునే ముందు చిగుళ్లకు, నాలుకకు పూయడం, గదిలో గాలికి తేమనిచ్చే యంత్రం ఉంచడం, ముక్కు దిబ్బడకు వైద్యం చేయించి నోటితో గాలి పీల్చడం మానగలగడం, కొద్దో గొప్పో గ్రంథులు మిగిలి ఉంటే వైద్యుని సలహాపై పైలోకార్పిన్ మాత్రలు వాడి చూడడం వాటిలో కొన్ని; ఆస్తమా అదుపులో లేనివారికి, కొన్ని రకాల గ్లకోమా ఉన్నవారికి ఆ మాత్రలు పనికిరావు. వీటిలో ఏదీ పాత లాలాజలాన్ని తిరిగి తెచ్చేది కాదు, ఎవరికి ఏది పనిచేస్తుందో వాడి చూస్తే గాని తేలదు. అన్నిటికంటే ముందు రాత్రి వేసుకునే మాత్రలను పరిశీలించాలి. నరాల నొప్పికి, నిద్రకు ఇచ్చే అమిట్రిప్టిలిన్, జలుబుకు, దురదకు వాడే కొన్ని మాత్రలు ఉన్న కాస్త లాలాజలాన్నీ తగ్గిస్తాయి. ఒక వైద్యుడు రాసిన మాత్ర నోటిని ఎండబెడుతుంటే ఇంకొకరు నీళ్లు తాగమంటున్న ఇళ్లు లేకపోలేదు. వాటిని సొంతంగా మానకూడదు, మార్చమని అడగాలి.

కనుక చికిత్స పూర్తయినవారు, వారి ఇంటివారు ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు రాత్రి వేసుకునే మాత్రలన్నీ వెంట తీసుకుపోవాలి, రాత్రికి ఎన్నిసార్లు మెలకువ వస్తోందో చెప్పాలి, నీళ్లు తాగమనే జవాబు వస్తే ఆ కుర్చీలోంచి లేవకుండా మళ్లీ అడగాలి.